కింది అరలో సీసా

మా నాన్న మా బాబాయికి చేసిన అన్యాయాలు కోర్టుకెక్కే రకం కావు. అన్నీ నలుగురి ముందు నవ్వుతూ చేసినవే. అందులో ఒకటి నా కళ్ల ముందే జరిగింది.

నాన్న బీమా ఆఫీసులో మేనేజరు. ఒకరోజు తన పై అధికారుల్ని ఇంటికి భోజనానికి పిలిచాడు. బాబాయిని కూడా పిలిచాడు. కుర్చీలు సర్దడానికి మనిషి కావాలి కాబట్టి పిలిచాడని నా అనుమానం. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితంలో చుట్టిన సీసా ఒకటి పట్టుకుని వచ్చాడు. ఎర్ర వైన్. తనకు నచ్చింది కాబట్టి అందరికీ నచ్చుతుందనుకున్నాడు పాపం. నాన్న కాగితం విప్పి, లేబుల్ చదివి, సీసాను అధికారులకు కనబడేలా పైకెత్తి వంటింటి వైపు కేకేశాడు.

"ఇదిగో, మీ మరిది తెచ్చాడు. మాంసంలో పోసెయ్. దానికైతే పనికొస్తుంది."

అధికారులు నవ్వారు. నవ్వకపోతే ఇంకా బాగుండదని బాబాయి కూడా నవ్వాడు. అమ్మ సీసా మొత్తం పొయ్యి మీది గిన్నెలో ఒంపేసింది. భోజనాల దగ్గర అధికారులు మాంసం మళ్లీ మళ్లీ వడ్డించుకుని, ఇంత రుచి ఎలా వచ్చిందని అడిగారు. "మా ఆవిడ చెయ్యి అలాంటిది" అన్నాడు నాన్న. బాబాయి తల వంచుకుని ఎముక చీకుతున్నాడు.

ఇంకొకడైతే అన్నతో మాట్లాడటం మానేసేవాడు. లేకపోతే వైన్ మానేసేవాడు. మా బాబాయి రెండూ చెయ్యలేదు. తప్పు తన నాలుకదే అని తేల్చుకున్నాడు. కంటికి లోపం ఉన్నట్టే నాలుకకీ ఉంటుందనీ, సాధన చేస్తే అది సర్దుకుంటుందనీ ఆయన నమ్మకం.

ఆయన ఇలా ఆలోచించడానికి కారణం ఆయన వృత్తి. బాబాయి కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్షించే మనిషి. వెనక చీకటి గదిలో ఒక కుర్చీ, గోడ మీద వెలిగే అక్షరాల చార్టు, వెల్వెట్ గుడ్డ పరిచిన పెట్టెలో వరసగా అద్దాలు. వచ్చినవాళ్ల ముక్కు మీద బరువైన ఇనుప చట్రం పెట్టి, అందులో ఒక అద్దం వేసి "ఇది బాగుందా?" అంటాడు. అది తీసి ఇంకొకటి వేసి "ఇదా?" అంటాడు. రోజంతా అదే ప్రశ్న. ఆ గదిలో ఆయన్ని చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. గొంతు తగ్గించి, తొందరపెట్టకుండా, ఏది చెప్పినా సరేనని రాసుకుంటాడు.

ఇంటికొచ్చాక మాత్రం వాళ్లను తెగ ఆడిపోసుకునేవాడు. "బెంచీ మీద కూర్చుని చార్టు బట్టీపట్టి వస్తారురా. పరీక్షలో ఫస్టు రావాలన్నట్టు. కొందరైతే ఇంకా ఘోరం. కళ్లు వాళ్లవి, జవాబు నా మొహంలో వెతుక్కుంటారు. నేను కాస్త కనుబొమ్మ ఎత్తితే చాలు, 'కాదు కాదు, మొదటిదే బాగుంది' అంటారు. ఆ జోడు పెట్టుకుని ఇంటికెళ్లి మెట్ల మీద పడేది నేనా?"

ఈ మాటలు అంటూనే బాబాయి నచ్చని వైన్ గుటకలు మింగుతుండేవాడు.

బస్సులు ఆగే చోట ఒక వైన్ దుకాణం ఉంది. ఖరీదైనవి కళ్లకెదురుగా, మధ్యరకం నడుము ఎత్తున, చవకవి నేలకానుకుని ఉన్న అరలో పెడతారు. అంటే చవక సీసా కావాలంటే అందరూ చూస్తుండగా వంగాలి. బాబాయికి నచ్చిన సీసా అక్కడే ఉండేది. బిరడా కాదు, తిప్పితే వచ్చే మూత. పల్చటి ఎరుపు, కొంచెం తీపి, వగరు లేదు, చల్లగా తాగితే హాయిగా ఉంటుంది. ఆయన ముందు పై అరల దగ్గర నిలబడి లేబుళ్లన్నీ చదివేవాడు. తర్వాత బూటు ముడి వేసుకుంటున్నట్టు కూర్చుని, కింది అరలో సీసాను చంకలో దాచుకుని లేచేవాడు.

దుకాణం నడిపే ఆవిడ చాలాకాలం ఊరుకుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "ఏంటి సార్, లేసులే లేని బూట్లకి అన్నిసార్లు ముడేస్తారు?"

"మా ఆవిడ కోసం తీసుకెళ్తున్నానండీ" అన్నాడు బాబాయి.

"అందరి ఆవిడలూ మంచివాళ్లే సార్. ఈ అరంతా వాళ్ల పేరు మీదే ఖాళీ అవుతుంది."

బాబాయి చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. మా పిన్ని ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. వేడి ఆవిరిలో దుప్పట్లు మడతపెట్టి ఇంటికొచ్చాక భోజనంతో పాటు ఆ వైన్ ఒక చల్లటి గ్లాసు తాగుతుంది. అంతే. పాల సీసా పక్కన ఫ్రిజ్ తలుపులో అది ఉంటే చాలు, ఆవిడకి ప్రపంచంతో పేచీ లేదు. బాబాయి మాత్రం మధ్య అరలోంచి ఒక్కో నెలా ఒక్కో కొత్త సీసా తెచ్చేవాడు. క్షౌరశాలలో తిరగేసిన పత్రికల్లోంచి మాటలు ఏరుకొచ్చేవాడు. తర్వాత పిన్నినీ, వాళ్లింటికి వెళ్తే నన్నూ కూర్చోబెట్టి పరీక్ష పెట్టేవాడు. ఒక గ్లాసులో కొత్తది, ఒక గ్లాసులో కింది అరది.

"ఇది బాగుందా?" కుడి గ్లాసు ఇచ్చాడు ఒకసారి. "ఇదా?"

పిన్ని రెండూ ఒక్కో గుక్క తాగి ఎడమ గ్లాసు దగ్గరికి లాక్కుంది.

"తొందరపడకు. మళ్లీ చూడు."

"మళ్లీ చూస్తే మారిపోతుందా?"

"కుడిదాంట్లో దానిమ్మ ఉందే. కాస్త తోలు. చివర్లో పొగ."

"తోలు కావాలంటే గుమ్మం దగ్గర మీ బూట్లున్నాయి. పొగ కావాలంటే వంటింట్లోకి రండి, ఊరికే ఇస్తా."

నేనూ ఎడమదే అన్నాను. "నీకింకా నాలుక కుదురుకోలేదు" అన్నాడు బాబాయి.

"మరి నీకేది నచ్చింది?"

ఆయన కుడి గ్లాసు ఎత్తి ఒక గుక్క పుచ్చుకున్నాడు. ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోయింది. "గంభీరంగా ఉంది" అన్నాడు.

తర్వాత కబుర్లలో పడి తనకు తెలియకుండానే ఎడమ గ్లాసు ఖాళీ చేశాడు. ప్రతి పరీక్షా ఇలాగే ముగిసేది. పిన్ని నాతో అనేది: "మీ నాన్న నాలుకని తెచ్చి మా ఇంట్లో పెట్టుకుని కాపురం చేస్తున్నాంరా. దానికి అద్దె మేమే కడుతున్నాం."

నాన్న ఉద్యోగ విరమణ చేశాక బాబాయి ఆయన్ని భోజనానికి పిలిచాడు. ఇన్నేళ్ల సాధన ఈ పూట కోసమే అన్నట్టు ఉంది ఆయన వాలకం. పై అరలోంచి, నిటారుగా నిలబడి, నల్లటి సీసా ఒకటి కొన్నాడు. బిరడా తీసే పరికరం కొత్తది కొన్నాడు. పిన్ని తన మూత సీసా కూడా బల్ల మీద పెట్టబోతే అడ్డుపడ్డాడు.

"ఇవాళ ఒక్కరోజు దాన్ని లోపలుంచవే."

"ఎందుకు? అదేం దొంగతనం చేసిందా? నేను తాగేది నా ముందుంటుంది."

"అన్నయ్య చూస్తే ఏమనుకుంటాడు?"

"నేను లాండ్రీలో పనిచేస్తానని ఆయనకి తెలుసుగా. ఇదీ తెలుసుకుంటాడు."

నాన్న వచ్చాడు. కుర్చీలో కూర్చుంటూనే నల్ల సీసా చేతిలోకి తీసుకుని, కళ్లజోడు పైకి నెట్టి లేబుల్ అంతా చదివాడు. బాబాయి పక్కన నిలబడి ఆయన కనుబొమ్మల వంకే చూస్తున్నాడు. చూపు పరీక్షకొచ్చే జనం గురించి బాబాయి చెప్పిందంతా ఇప్పుడు బాబాయి మొహంలోనే కనిపించింది నాకు.

"పర్లేదురా" అన్నాడు నాన్న. "ఇన్నాళ్లకి సరైంది తెచ్చావు."

బాబాయి మొహం విప్పారింది. బిరడా లాగి నాన్న గ్లాసు మీదికి సీసా వంచాడు. నాన్న గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకొద్దు. మానేసి ఏడాది దాటింది. కడుపులో మంట. నీళ్లివ్వు."

"ఒక్క గుక్క అన్నయ్యా. రుచి చూసి చెప్పు."

"రుచి చూసేదేముంది? లేబుల్ చూస్తే తెలియట్లా?"

సీసా వంచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. బాబాయి సీసా బల్ల మీద పెట్టి, ఆ ఇంట్లో ఎవరూ ఊహించని ప్రశ్న ఒకటి అడిగాడు.

"ఆ రోజు మీ ఆఫీసువాళ్లు వచ్చినప్పుడు నేను తెచ్చిన సీసా మాంసంలో పోయించావు. అప్పుడైనా రుచి చూశావా?"

"ఏ రోజు?" నాన్న నిజంగానే మరిచిపోయాడు. చేసినవాళ్లకి మరిచిపోవడం సులువు. కాసేపు ఆలోచించినట్టు చేసి, "ఏమోరా. మాంసం బాగానే కుదిరి ఉంటుందిలే" అన్నాడు.

"చాలా బాగా కుదిరిందట బావగారూ" అంది పిన్ని. "ఆ రోజు పోసింది ఈ రకమే. మూత తిప్పి ఇవ్వనా?"

నాన్న దాన్ని దూరం నుంచే చూసి మూతి ముడిచాడు. "దీన్ని మనుషులు తాగుతారా అమ్మా?"

పిన్ని నవ్వి తన గ్లాసు నింపుకుంది. తర్వాత సీసా మూతి బాబాయి గ్లాసు వైపు తిప్పి ఆగింది. ఆయన ఆ సీసా వంకా, తన అన్న వంకా చూశాడు. ఇలాంటి చోట కథల్లోనైతే మనిషి లేచి నిలబడతాడు. మా బాబాయి గ్లాసు వెనక్కి లాక్కుని నల్లటిదే పోసుకున్నాడు. భోజనం అయ్యేవరకు దాన్ని ఒక్కడే, ఎడమ కన్ను మూసి తెరిచి మూసి తెరిచి, పూర్తి చేశాడు. నాన్న ఆఫీసు రోజుల గురించి మాట్లాడుతూ నీళ్లు తాగాడు.

మొన్న సాయంత్రం బాబాయి వీధిలో ఎదురుపడ్డాడు. రెండు చేతుల్లో రెండు సంచులు. అడుగు వేస్తుంటే సీసాలు ఒకదానికొకటి తగులుతున్నాయి. సంచిలోకి తొంగి చూశాను. అన్నీ తిప్పితే వచ్చే మూతలే.

"పై అరల్లోవాటి సంగతేంటి?"

"మానేశాను. నాకవి పడవురా. మొదట్నుంచీ పడలేదు."

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. ఇంటిదాకా ఒక సంచి మోస్తానన్నాను, ఇవ్వలేదు. ఈ సంగతి నాన్నకి చెప్పనా అని అడిగాను. బాబాయి సంచులు కింద పెట్టి, వేళ్లు విదిలించుకుని, వీధి అటూ ఇటూ చూశాడు.

"నువ్వేం చెప్పకు. నేనే చెబుతా. కాస్త ఆయన ఒంట్లో బాగున్న రోజు చూసుకుని."