గొట్టంలో ఐదువందల నలభై గ్యాలన్లు

వందమంది పాటలు పాడుతుంటే పాస్టరు అయ్యగారిని బాప్తిస్మపు తొట్టి నడుమ, పిక్కలు మాత్రమే తడిసే నీళ్లలో నిలబెట్టిన మొనగాణ్ని నేను. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి. నేనూ నవ్వుతాను గానీ, ఆ ఆదివారం ఒక్కసారి తిరిగొస్తే బాగుండునని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

శ్రీహరికోటలో రాకెట్ల మాట ఎవరూ ఎరగని రోజులు. సూళ్లూరుపేటలో నేను కొత్త ఓవర్సీరును. జేబులో స్కేలు, బుర్రనిండా పొగరు. మా చర్చి చుట్టూ ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే కాబట్టి, వెయ్యడుగుల దూరంలోని మంచినీళ్ల బావి నుంచి రెండంగుళాల గొట్టం వేయించాం. ఆదివారం ఉదయం సుగుణకు బాప్తిస్మం. మధ్యాహ్నం రైల్లో మద్రాసుకు, నర్సు చదువుకు ప్రయాణం. మధ్యలో దొరికే గంటలో నేనామెతో ఒక్క మాట చెప్పాలి: "మీరు తిరిగొచ్చేదాకా ఎదురుచూస్తాను." దాన్ని నెలరోజులుగా అద్దం ముందు వల్లె వేస్తున్నాను.

శనివారం బావి దగ్గరి ఇంజను చెడిపోయింది.

"బిందెలతో మోసి నింపుదామా అబ్బయ్యా?" అన్నారు అయ్యగారు.

మోస్తూ కూర్చుంటే నా గంట గంగలో కలిసినట్టే!

"ఎందుకయ్యగారూ? గొట్టం నిండా నీళ్లుండాయి గదా! తొట్టికి ఐదొందల గ్యాలన్లు చాలు. గొట్టంలో ఐదొందల నలభై ఉండాయి" అంటూ కాగితం మీద లెక్క వేసి చూపించాను. తొట్టి కడుగుతున్న సుగుణ కూడా వంగి చూసింది. ఏదో అనబోయి ఆగి, తల దించుకుని నవ్వింది. నా తెలివికి మురిసిపోయిందనుకున్నాను. ఏం చేస్తాం, వయసు!

తెల్లారి కుళాయి తిప్పాను. నీళ్లు దూకాయి. నిండుతుందిలే అన్న విశ్వాసంతో అయ్యగారు తొట్టిలోకి దిగారు. పాట రెండో చరణంలో ఉండగా కుళాయి "ఉస్సు"మంది.

"ఏందబ్బయ్యా, అయిపోయిందా?"

"ఇంకా నాలుగొందలు రావాలయ్యగారూ!"

"ఎక్కడ్నించి రావాల నాయనా?"

అప్పుడు వెలిగింది నాకు. గొట్టం వెడల్పులో సగం తీసుకుని లెక్కగట్టాల్సింది. నేను మొత్తం తీసుకున్నాను. కాగితం మీద నీళ్లు నాలుగింతలైపోయాయి.

సంఘమంతా బిందెలు ఎత్తుకుంది, పెళ్లికూతురులా తెల్లచీర కట్టుకున్న సుగుణతో సహా. నాకు తల కొట్టేసినట్టయింది. నేల చూపులు చూస్తూ మోశాను, మోశాను. బాప్తిస్మం ముగిసేసరికి రైలు వేళయింది. తడి జుట్టుతోనే ఆమె జట్కా ఎక్కింది.

స్టేషనులో సంఘాన్ని తోసుకుంటూ కిటికీ దగ్గరికి చేరాను.

"లెక్క తప్పింది, క్షమించండి" అన్నాను. నెలరోజులు వల్లె వేసిన ఫలితం అదీ!

"నాకు శనివారమే తెల్సు. మీరు సగం తీసుకోలా."

"అయ్యో, మరి చెప్పలేదేం?"

"నీళ్లు చాలకుంటే మోస్తాం గదా, దారిలో మీతో మాట్లాడొచ్చనుకున్నా. మీ పక్కనే నాలుగు మార్లు నడిచినా. మీరు తలెత్తితేగా!"

రైలు కదిలింది. ఆమె మద్రాసులోనే ఉండిపోయింది.

ఆ ప్లాట్‌ఫారం మీదే దేవుడి సాక్షిగా ఒట్టు వేసుకున్నాను: ఇకమీదట ఎంత సిగ్గు ముంచుకొచ్చినా సరే, పక్కన ఎవరు నడుస్తున్నారో చూడకుండా బిందె మొయ్యను. ఇదిగో, ఇప్పటిదాకా ఆ ఒట్టు తప్పలేదు. తప్పడానికి వీలేదీ, మళ్లీ ఎవరూ నా పక్కన బిందెతో నడవలేదు.