కదపకూడని పెరుగు

మా బావ పెరుగు తోడుపెట్టే గదిలోకి ఎవరొచ్చినా చెప్పులు బయట విప్పి పిల్లిలా అడుగులేయాల్సిందే. మా అక్కను పెళ్లి చేసుకున్న నేరానికి నన్ను తన డెయిరీలో పనికి పెట్టుకున్నాడు కానీ, ఆ గదిలో నేను తుమ్మానంటే చుట్టరికం మర్చిపోయేవాడు. "తోడుకునే పెరుగును కదిపితే నీళ్లు వదిలేస్తుంది రా. దాని పని దాన్ని చేసుకోనీ," అనేవాడు. ఆయన తోడుపెట్టిన పెరుగు గిన్నె బోర్లించినా జారేది కాదు.

ఆయన కడుపు మాత్రం అంత గట్టిది కాదు. పెద్దపేగులో వాపు ఏళ్లనాటిది. నొప్పి వచ్చినప్పుడు పాల క్యాను మీద కూర్చుని పొట్ట పట్టుకునేవాడు. చూడలేక నేనే ఆస్పత్రికి లాక్కెళ్లాను.

డాక్టరమ్మ మందులు రాసింది. "మంచి బ్యాక్టీరియా ఉన్న ఈ క్యాప్సూల్స్ కూడా వాడండి. వాపు కొంత తగ్గొచ్చు, అందరికీ తగ్గుతుందని చెప్పలేను. కానీ ఇన్నేళ్ల వాపు క్యాన్సర్‌కి దారితీయొచ్చు. విరేచనాల మందుతో పేగు కడిగి, కెమెరా గొట్టం పెట్టి లోపల చూడాల్సిందే," అంది.

బావ తలకెక్కింది మొదటి సగమే. బ్యాక్టీరియా అనగానే సొంత చుట్టాల ఊసెత్తినట్టు మొహం వెలిగిపోయింది.

"కడుపూ కుండే కదా బామ్మర్దీ," అన్నాడు దారిలో. "తోడు పడింది. ఇప్పుడు విరేచనాల మందు పోసి అంతా కడిగేసి, గొట్టంతో కెలికితే ఇంకేం మిగులుతుంది?"

"అది పెరుగు కాదు బావా, పేగు."

"పెరుగు గురించి నువ్వు నాకు చెప్తావా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇంకేం మాట్లాడతాం!

నొప్పి నిజంగానే తగ్గింది. కొంప ముంచింది అదే. అక్క పరీక్ష మాటెత్తినప్పుడల్లా "పేరుకోనీవే" అనేవాడు. తర్వాత రక్తం పడటం మొదలైంది, ఎవరికీ చెప్పలేదు. తన బట్టలు తనే ఉతుక్కుంటుంటే, ఇన్నాళ్లకి మొగుడికి బుద్ధొచ్చిందని మా పిచ్చి అక్క మురిసిపోయింది. ఆ మురిపెం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెరుగు గదిలోనే కూలబడిపోయాక గానీ కెమెరా లోపలికి వెళ్లలేదు. జబ్బు అప్పటికే కాలేయం దాకా పాకింది.

"అయితే ఆ మంచి బ్యాక్టీరియా అబద్ధమా డాక్టరమ్మా?" బావ అడిగింది అదొక్కటే.

"అబద్ధం కాదు. వాపు తగ్గించే ఉండొచ్చు. పెరిగిన గడ్డను అదేం చేస్తుంది? అప్పుడే చూసుంటే తీసేసేవాళ్లం." మందుల చీటీ అందుకుని, "కీమోతో ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి పడిపోతుంది. ఆ క్యాప్సూల్స్ ఆపేయండి. మీ డెయిరీ పెరుగు కూడా తినకండి," అంది.

ఊరందరికీ పెరుగు పోసినవాడికి పెరుగు వద్దట. అక్క నవ్వబోయి ఏడ్చేసింది.

కీమో నడుస్తుండగా ఒక సాయంత్రం డెయిరీకి తీసుకెళ్లమన్నాడు. గుమ్మంలో చెప్పులు విప్పడానికి వంగలేకపోతే నేనే విప్పాను. లోపల పెద్ద గిన్నెలో పెరుగు సగం తోడుకుని ఉంది. నేను వద్దనేలోపే గరిటె అందుకుని, అడుగుదాకా దించి గిర్రున తిప్పేశాడు. తెల్లటి గడ్డలు విరిగి నీళ్లు పైకి తేలాయి.

గరిటె పట్టుకునే చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"కదిపితే ఏం పోయింది బామ్మర్దీ," అన్నాడు. "ఒక్క గిన్నె పెరుగు."