పెరటి మూల గోరింట

భర్త పోయిన ఏడాదికి మా మేనత్త కొమరోలు నుంచి గిద్దలూరులోని మా ఇంటికి వచ్చేసింది. అప్పటికి ఆమెకు ఇరవై నిండలేదు. అత్తగారి దొడ్లోని గోరింట కొమ్మనొకదాన్ని తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. పెరటి మూల గుచ్చి, గిన్నెలు కడిగిన నీళ్ళు పోసి పెంచింది. కొన్నేళ్ళకు అది చూరు దాటింది. రాళ్ళలోంచి, అడుగంటిన బావి నీళ్ళలోంచి అంత పచ్చదనాన్ని ఎట్లా లాగిందో!

ఆషాఢంలో వీధి ఆడపిల్లలంతా ఆ ఆకే దూసుకుపోయేవారు. మేనత్త మాత్రం పెట్టుకోకూడదు. విధవకు గోరింట నిషిద్ధమట! మద్రాసు నుంచి వచ్చే సంస్కరణ పత్రికలు చదివి నేను ఇంట్లో కేకలు వేసేవాణ్ణి. ఎవరూ లెక్కచేయలేదు.

ఒక ఏడు వానలు లేవు. ఎండాకాలానికి చెట్టు ఆకంతా రాల్చి ముళ్ళకంపలా మిగిలింది. విధవ నీళ్ళు పోసినందుకే మాడిందన్నారు ఇరుగుపొరుగు. నాయన గొడ్డలి తీసుకుని పెరట్లోకి నడిచాడు.

"ఊరంతా నవ్వుతున్నారు. నీకేందమ్మా ఈ గోరింట పిచ్చి?"

"నేనేమన్నా పెట్టుకున్నానా అన్నా? నీళ్ళేగదా పోసినా. వాన పడిందాక ఆగు."

"చచ్చినదానికి వానేంది?"

మోకాలెత్తున నరికేశాడు. వేళ్ళు రాళ్ళలో బిగిసి ఉండటంతో మోడును పెకలించలేక వదిలేశాడు. మేనత్త ఆ పూట అన్నం ముట్టలేదు. నీళ్ళు పోయడం మాత్రం మానలేదు.

తొలకరికి మోడు చుట్టూ చిగుళ్ళు పొడుచుకొచ్చాయి. మరుసటి ఏడు మొదటి వానలకే పొద నేల దగ్గరి నుంచి గుబురుగా లేచి, గుత్తులు గుత్తులుగా పూసింది. వీధి మలుపులోనే వాసన. పెరడంతా తేనెటీగల హోరు. నేను దేనికీ చేతులు జోడించే మనిషిని కాను. అది మహిమ కాదనీ, వేరు బతికే ఉందనీ, ముదురు కొమ్మలు పోతేనే కొత్తవి వస్తాయనీ తెలుసు. తెలిసి కూడా దాని ముందు నిలబడిపోయాను. నాయన కూడా అట్లాగే నిలబడ్డాడు.

"ఏందన్నా, ఈ ఏడు నరకవా?" అంది మేనత్త.

"నరుకుతా. యాడ నరకాల్నో నువ్వు చూపించు."

ఆ ఆషాఢంలో ఆమె ఎవరినీ అడగకుండా ఆకు రుబ్బి పెట్టుకుంది. మర్నాడు ఎర్రటి చేతులతో వడ్డిస్తుంటే నాయన తల దించుకుని తిన్నాడు. కాసేపటికి, ఇంకొంచెం పెట్టమన్నాడు.