ఒక్క ఓటు డ్రైవరు

నాయకుడి కారు నడిపే డ్రైవరుకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. రెండేళ్లుగా దాన్ని ఎవరూ వాడడం లేదు. అందరికీ అతను ‘ఒక్క ఓటు’.

గత ఎన్నికల్లో నాయకుడు సరిగ్గా ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. పోలింగు రోజంతా ముసలివాళ్లనీ నడవలేనివాళ్లనీ కారులో బూత్‌కు చేరవేసిన డ్రైవరు, తన ఓటు మాత్రం వెయ్యలేదని ఎవరో కనిపెట్టారు. ఇంకేముంది, నింద మోయడానికి ఒక తల దొరికింది. అతను వేసి ఉన్నా ఇద్దరికీ సమానమై చీటీ తీయాల్సి వచ్చేదే తప్ప, గెలుపు గ్యారంటీ లేదు. ఆ లెక్క ఎవరికీ అక్కర్లేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం. కాకపోతే ఇక్కడ మద్దెల నెలజీతానికి పనిచేస్తోంది.

నాయకుడు కోర్టుకెక్కాడు. చనిపోయినవాళ్ల పేర్ల మీద కూడా ఓట్లు పడ్డాయని తేలి, కోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది. టీకొట్టతనికి కొత్త హాస్యం దొరికింది.

“చచ్చినోళ్లు కూడా లేచొచ్చి వేశారు కదయ్యా, నీకేమొచ్చింది?” అనేవాడు గ్లాసు అందిస్తూ.

డ్రైవరు నవ్వేసి టీ తాగేవాడు. అసలు సంగతి ఇద్దరికే తెలుసు. ఆ సాయంత్రం అతను వరుసలో నిలబడబోతుంటే, గుర్తింపు కార్డు మరిచిపోయి వచ్చానంటూ నాయకుడి భార్య అతన్ని ఇంటికి తరిమింది. కార్డు తెచ్చిచ్చాడు. ఆమె లోపలికి వెళ్లింది. అతను కారు పక్కన పెట్టి వచ్చేసరికి టైమైపోయి బూత్ గేటు మూసేశారు. ఆ తర్వాత ఆమె తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. ఉద్యోగం పోతుందని అతనూ నోరు మెదపలేదు.

“బళ్లో మన పిల్లని ‘ఒక్క ఓటు కూతురు’ అంటున్నారు, తెలుసా?” అంది డ్రైవరు భార్య ఒకరోజు. ఆ పూట అతనికి అన్నం సహించలేదు.

ఉప ఎన్నికలో డ్రైవరు అందరికన్నా ముందే వెళ్లి ఓటేశాడు. నాయకుడు ఈసారి నాలుగు వేల తేడాతో ఓడాడు. అంత నింద ఒక్కడి మీద వెయ్యడం కుదరదు కాబట్టి, ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

ఓట్ల లెక్కింపు నుంచి తిరుగుదారిలో కారులో ముగ్గురే ఉన్నారు. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. నాయకుడి భార్య వెనక సీట్లో చీరకొంగు సర్దుకుంటూ మెల్లగా అంది.

“అప్పుడు ఇతను ఓటెయ్యలేకపోయింది నా వల్లేనండి. నా కార్డు కోసం ఇంటికి పంపాను.”

నాయకుడు ఫోన్లోంచి తల ఎత్తలేదు. “ఇప్పుడెందుకులే ఆ గొడవ.”

డ్రైవరుకు ఒళ్లు మండింది. రెండేళ్లు ఎదురుచూసిన మాట, తీరా ఎవరూ వినని చోట వచ్చింది. టీకొట్టు దగ్గర ఎప్పటి జనమే కూర్చుని ఉన్నారు. అతను కారు అక్కడ ఆపి, నాలుగు అద్దాలూ దించాడు. కొట్టు దగ్గరివాళ్లంతా కారువైపు తిరిగారు.

“ఏమైంది? బండి పోనీ,” అన్నాడు నాయకుడు.

డ్రైవరు ఇంజను ఆపి, తాళం తీసి పక్క సీటు మీద పెట్టాడు.

“అమ్మగారూ, ఆ మాట ఇంకొక్కసారి చెప్పండి.”

ఆమె బయటికి చూసింది. గొంతు సవరించుకుని, చెప్పింది.