తుంగభద్ర అవతలి బావి నీళ్లు

బస్రా పోయి వచ్చినవాణ్ణని మా ఊరి పిల్లలు నన్ను ఓడ గురించీ, ఇసుక గాలుల గురించీ అడుగుతారు. యుద్ధం రోజుల్లో కూలి దండుతో పోయి రెండేండ్లు అక్కడ మూటలు మోసినాను. భయపడలేదని చెప్పను. కానీ చావంటే ఎంత భయమో నాకు తెలిసింది అక్కడ కాదు. అంతకు ఐదారేండ్ల ముందు, మా ఇంటికి వారం నడకలో, తుంగభద్ర దాటిన ఒక పల్లెలో.

అప్పటికి నాకు పద్దెనిమిదేండ్లు. కోయిలకుంట్ల పక్క పల్లెలో దూదేకులవాళ్లం మేము. విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి, పత్తి ఏకి, పరుపులు కుట్టి ఇచ్చేది మా పని. ఆ ఏడు మా దిక్కు చినుకు రాలలేదు. నల్లరేగడి చేలు నెర్రెలు విచ్చి పడున్నాయి. పత్తి లేదు, పరుపు కుట్టించుకునేవాళ్లూ లేరు. మా మేనమామ ఏటా నది దాటి నిజాం సీమలో నాలుగైదు ఊర్లు తిరిగి వచ్చేవాడు. ఎప్పుడూ తోడు పోయే ఆయన కొడుకు కాలు విరిగి మంచంలో ఉండటంతో మా అమ్మ నన్ను పంపింది. అంతవరకు నేను బనగానపల్లె దాటినవాణ్ణి కాదు.

బేతంచెర్ల గుట్టల్లో బాటసారులను కొట్టి దోచుకుంటారని అందరూ చెప్పుకునేవాళ్లు. ఆ గుట్టల మధ్య మాకు కొంత దూరంలో ఒక మనిషి కర్ర పట్టుకొని వెంట పడినాడు. మేము గబగబా నడిస్తే వాడూ గబగబా నడిచినాడు. మేము నిలబడితే వాడూ నిలబడినాడు. చివరకు మామే తిరిగి వాడి దగ్గరికి పోయినాడు. పాపం, వాడు వెల్దుర్తికి పోయే కుమ్మరి. ఒంటరిగా నడవడానికి భయమై మా వెనకాల వస్తున్నాడంట.

కర్నూలు చేరేసరికి నది నిండుగా పారుతోంది. మా దిక్కు వాన లేకున్నా పైన ఎక్కడో కురిసినట్టుంది. తోలు పుట్టిలో కూర్చున్నాం. అది గంప మాదిరి గుండ్రంగా ఉంటుంది, నీళ్లలో గిర్రున తిరుగుతుంది. నీళ్ల వైపు చూడొద్దు, గట్టు వైపు చూడమన్నాడు మామ. పుట్టి తిరుగుతూ ఉంటే ఏ గట్టని చూసేది? కండ్లు మూసుకొని విల్లును గట్టిగా పట్టుకున్నాను. అడుగున ఊరే నీళ్లను పుట్టి నడిపే ముసలాయన ఒక చేత్తో తోడిపోస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

అవతల సుంకం వసూలు చేసే నాకా దగ్గర నిజాం జవాన్లు మూటలు విప్పి చూసినారు. మామ ఉర్దూలో ఏదో చెప్తే వదిలిపెట్టినారు. మొదటి ఊర్లో మూడు దినాలు పని దొరికింది. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

రెండో ఊరికి పొద్దెక్కినాక చేరినాం. ఊరి మొదట దారికి అడ్డంగా వేపమండల తోరణం కట్టి ఉంది. వాకిళ్లన్నీ మూసి ఉన్నాయి. ఎక్కడా పొయ్యి పొగ లేదు. మామ టక్కున నిలబడిపోయినాడు.

"అల్లుడా, మెల్లగా ఎనక్కి తిరుగు. పరిగెత్తొద్దు," అన్నాడు.

పది అడుగులు కూడా వేయలేదు. కట్టెలు పట్టుకొని ఏడెనిమిది మంది మమ్మల్ని చుట్టుకున్నారు. ఊర్లో గత్తర తగిలింది. మేము కలరా అనేది వాళ్లకు గత్తర. నాలుగు దినాల్లో ఆరుగురు పోయినారంట. మూట మోసుకొచ్చిన కొత్త మనుషులెవరో బావిలో ఏదో కలిపిపోయినారని ఎవరో పుట్టించినారు. ఇప్పుడు మా మూటలో మా అమ్మ కట్టిచ్చిన జొన్నపిండి సంచి బయటపడింది. ఒకడు దాన్ని ఎత్తి చూపించి, ఇదే మందు అన్నాడు. మామ పిడికెడు పిండి తీసి నోట్లో వేసుకొని నమిలినాడు. పొడిపిండికి పొలమారి దగ్గినాడు. అయినా కట్టెలు దిగలేదు.

అప్పుడు ఒక పెద్దాయన ముందుకొచ్చినాడు. ఆ పొద్దున్నే ఆయన కొడుకును మట్టిలో పెట్టి వచ్చినారని తర్వాత తెలిసింది. ఆయన అరవలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

"మీరేం కలపకుంటే ఈ నీళ్లు తాగుండ్రి," అన్నాడు.

బావి దగ్గరికి తీసుకుపోయి బొక్కెనతో నీళ్లు తోడినారు. మామ దోసిలి పట్టి గటగటా తాగినాడు. నన్ను వదిలెయ్యమని, చిన్నవాడని బతిమాలినాడు. వాళ్లు ఒప్పుకోలేదు.

నేను వంగి దోసిలి పట్టినాను. పొద్దుటి నుంచి దప్పికతో ఉన్నాను, నీళ్లు చేతులకు చల్లగా తగిలినాయి. పెదవులు బిగపట్టి, గొంతు మాత్రం కదిలించినాను. నీళ్లు మోచేతుల మీదుగా, రొమ్ము మీదుగా కారిపోయినాయి. మూడుసార్లు అట్లే చేసినాను. ఎవరైనా చూసినారేమోనని తల ఎత్తలేకపోయినాను. పెద్దాయన మమ్మల్ని పొమ్మన్నాడు, మళ్లీ ఆ దిక్కు రావద్దన్నాడు.

మరుసటి దినం నది ఒడ్డు చేరేసరికి మామ కడుపు పట్టుకొని కూలబడినాడు. వాంతులు, విరేచనాలు. గంటలోపే కండ్లు లోపలికి పోయినాయి, వేళ్లు ముడతలు పడినాయి. పుట్టి ముసలాయన దూరం నుంచే చూసి, ఈ మనిషిని ఎక్కించుకోనన్నాడు. నేను మామను తుమ్మచెట్టు నీడకు లాక్కుపోయినాను. ఆయన్ను తాకిన ప్రతిసారీ నా చేతులను ఇసుకతో తోముకున్నాను. లేచి పరిగెత్తిపోదామని ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పుకోడానికి ఇప్పటికీ సిగ్గే.

మధ్యాహ్నానికి ముసలాయన కుండెడు ఉప్పుగంజి తెచ్చి, బండ మీద పెట్టి వెళ్లిపోయినాడు. తర్వాత రెండు దినాలు అట్లే తెచ్చిపెట్టినాడు. నేను గుడ్డను గంజిలో తడిపి మామ నోట్లో పిండుతూ కూర్చున్నాను. ఆయన బతకడనే అనుకున్నాను. అందుకే చెప్పేసినాను.

"మామా, నేను ఆ నీళ్లు తాగలేదు. తాగినట్టు చేసినా."

ఆయన కండ్లు తెరవలేదు. తిడతాడేమోనని చూసినాను.

"మంచి పని చేసినావు. ఇద్దరం పడిపోయింటే ఎవరు చూస్తాండిరి?" అన్నాడు. ఆ మాటకే ఆయాసపడినాడు.

ఇన్నేండ్లయినా ఆ మాటతో నా మనసు పూర్తిగా కుదుటపడలేదు. నేను తాగకపోయింది ఆయన్ను చూసుకోవడానికి కాదు, నాకు చావంటే భయమై.

నాలుగో దినం మామ జొన్నరొట్టె అడిగినాడు. ముసలాయన దగ్గరికి వచ్చి, మామ కండ్లు చూసి, పుట్టి తెచ్చినాడు. కర్నూలులో తెలిసినవాళ్ల బండి దొరికేదాకా ఒక మసీదు అరుగు మీద ఉన్నాం. ఇల్లు చేరినప్పుడు మా అమ్మ తన తమ్ముణ్ణి గుర్తుపట్టలేకపోయింది. ఎవరిని తోడు తెచ్చినావురా అని నన్నడిగింది.

మరుసటి ఏడు వానలు పడినాయి. మామ మళ్లీ నది దాటిపోయినాడు. ఆ పల్లెకే పోయి, ఆ పెద్దాయన ఇంట్లోనే పత్తి ఏకి రెండు పరుపులు కుట్టిచ్చి వచ్చినాడు. వాళ్లు ఆ బావిని పూడ్చి, ఇంకొకటి తవ్వుకున్నారని చెప్పినాడు. నన్ను రమ్మని ఆయన అడగలేదు, వస్తానని నేనూ అనలేదు. నేను విల్లు తీసుకొని కడప దిక్కు పోయినాను.