తిమ్మవ్వకు గొంతిచ్చిన ప్రేమజ్యోతి

ప్రేమజ్యోతి గొంతులో పదిమంది ఉంటారని ఓర్వకల్లు చుట్టుపక్కల చర్చి సంఘాల్లో పేరు. ఆదివారం సండే స్కూల్లో ఆమె బైబిలు కథ చెబితే గాడిదకో గొంతు, రాజుకో గొంతు, ఏడ్చే తల్లికో గొంతు. పెద్దవాళ్ళు కూడా కిటికీల దగ్గర ఆగి వినేవాళ్ళు. మిగతా వారమంతా ఆమె అందరిలాగే కలుపుకు పోయేది. భర్త ఏసుబాబుతో కలిసి రెండెకరాల ఎర్రనేలలో శనక్కాయ వేసి, వాన కోసం చూసేది.

ఒకసారి చర్చిలో పెళ్ళి జరిగింది. భోజనాల దగ్గర ఆడవాళ్ళు అడిగితే ప్రేమజ్యోతి పెళ్ళికొడుకు మేనత్తను అనుకరించి చూపించింది. పెళ్ళికొడుకు స్నేహితుడు వీరేష్ అది విని, చేతిలో విస్తరాకు అట్లాగే పట్టుకుని దగ్గరికొచ్చాడు.

“అక్కా, మేము కర్నూల్లో బొమ్మల సీరియల్ తీస్తాండాం. మన యాసలోనే. ఫోన్లో చూసేది. అందులో తిమ్మవ్వ అని ఒక ముసిల్ది ఉండాది. నువ్వు గొంతిస్తావా?”

“పిల్లోళ్ళదా?”

“కాదక్కా. పెద్దోళ్ళు చూసి నవ్వుకునేది. రొంత కారంగా ఉంటాది.”

ఏసుబాబు పొమ్మన్నాడు. ఆమెకూ పోవాలనే ఉంది.

కర్నూల్లో ఒక మేడమీద చిన్న గది. గోడలకు స్పాంజి అంటించారు. అద్దానికి అవతల వీరేష్, బొమ్మలు గీసే అంజలి కూర్చున్నారు. ఎదురుగా తెరమీద రంగులు వేయని తిమ్మవ్వ నోరు మెదుపుతోంది. ప్రేమజ్యోతి కాగితం చూసి చదివింది. ఎన్నిసార్లు చదివినా గొంతు పలకలేదు.

“పాఠం అప్పజెప్పినట్టుండాది అక్కా,” అన్నాడు వీరేష్. “మీ ఊర్లో ఇట్లాంటి అవ్వ ఎవురూ లేరా?”

ఉంది. జీవమ్మ. ఏసుబాబుకు పెద్దమ్మ, ప్రేమజ్యోతికి పెద్దత్త. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ప్రేమజ్యోతి కాన్పయినప్పుడు పుట్టింటి నుంచి ఎవరూ రాలేకపోతే, బిడ్డకు నీళ్ళు పోసిందీ, తల్లికి పత్యం వండి పెట్టిందీ జీవమ్మే.

ప్రేమజ్యోతి గడ్డం కిందికి దించింది. ముందు పళ్ళు లేనట్టు గాలి వదిలింది. మాట చివర “వింటున్నావా” అన్నదాన్ని జీవమ్మలాగా “ఇంటాండావా?” అని సాగదీసింది. అద్దం అవతల అంజలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వీరేష్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. ఇంతకాలం ఆమెను చూసి పిల్లలు నవ్వారు, చుట్టాలు నవ్వారు. టౌనులో చదువుకున్నవాళ్ళు, ఇట్లాంటి పని చేసేవాళ్ళు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇంకా నవ్వించాలనిపించింది.

“ఈ అవ్వ ఒక్కతే ఉన్నప్పుడు ఏం చేస్తాది అక్కా?” అంజలి అడిగింది.

ప్రేమజ్యోతి చెప్పేసింది. జీవమ్మ మొగుడు ఏసేపు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ సంగటి ముందు కూర్చోగానే జీవమ్మ అతనితో మాట్లాడుతుంది. మేక ఈనిందని చెబుతుంది. మోడం పట్టి, వాన పడకుండానే పోయిందని చెబుతుంది. “ఏమయ్యా, ఇంటాండావా?” అని అడుగుతుంది. గోడలో గాలికి వదిలిన సందులోంచి అంతా వినబడుతుంది. తన మాటలు పక్కింట్లో వినబడ్డాయని తెలిసినరోజు జీవమ్మ సిగ్గుపడి, ప్రేమజ్యోతి చెయ్యి పట్టుకుని, “ఎవురికీ చెప్పొద్దు పాపా, సంఘంలో తెలిస్తే దయ్యాలతో మాట్లాడతాండాదంటారు,” అంది. ఆ మాట మాత్రం ప్రేమజ్యోతి అద్దం అవతలివాళ్ళకు చెప్పలేదు.

“ఇదక్కా కథంటే!” అన్నాడు వీరేష్.

కొన్నాళ్ళకు మళ్ళీ పిలిచారు. తిమ్మవ్వ మొగుడు దయ్యమై, ఒట్టి తువ్వాలు చుట్టుకుని, తాగి దూలంమీద కూర్చుంటాడు. అన్నం వేళకల్లా దిగొచ్చి బూతులు తిడతాడు. “చచ్చినాక గూడా మంచంలో సగం నీకేనా? పక్కింటి తాతకు యాడ చోటియ్యాల?” అని తిమ్మవ్వ చీపురు తీసుకుంటుంది. ఆ మాట దగ్గర ప్రేమజ్యోతి నోరు ఒక్క క్షణం ఆగింది. అద్దం అవతల ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. అనేసింది.

ఆ భాగం ఫోన్లలోకి వచ్చిన వారానికే ఊరంతా పాకింది. “అచ్చం జీవమ్మే!” అని ప్రేమజ్యోతిని మెచ్చుకున్నారు. ఏసుబాబు మొదటిసారి చూసి పడిపడి నవ్వాడు. రెండోసారి నవ్వలేదు. “ఇది పెద్దమ్మ చూస్తే?” అన్నాడు. జీవమ్మ దగ్గర ఉన్నది మీటల ఫోను. చూడదులే అనుకున్నారు.

ఒక పొద్దున అత్తాకోడళ్ళిద్దరూ ఓర్వకల్లు బస్సుకు పోతున్నారు. జీవమ్మ సంచి ప్రేమజ్యోతి పట్టుకుంది. టీ అంగడి ముందు కూర్చున్న హనుమన్న గొంతు మార్చి, “జీవమ్మా, ఇంటాండావా?” అని అరిచాడు.

జీవమ్మ ఆగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఇంటాండానప్పా, చెప్పు,” అంది.

అంగడి అంగడంతా గొల్లుమంది. వాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా, మర్యాదకు జీవమ్మ కూడా నవ్వింది. “ఏం పాపా, ఏమంటాండారు?” అని ప్రేమజ్యోతిని అడిగింది.

“ఏంలే అత్తా, పా,” అని ప్రేమజ్యోతి ముందు నడిచింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. జీవమ్మ కొంగులోంచి వేయించిన శనక్కాయలు తీసి ఆమె ఒళ్ళో పోసింది. తినలేకపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం పెద్ద రెజీనా జీవమ్మను పక్కకు పిలిచింది. మంచి మనిషే. ఆ బొమ్మల్లోది నిజమేననుకుని, మెల్లగానే చెప్పింది.

“వదినా, చచ్చినోళ్ళతో మాట్లాడేది మన వాక్యానికి ఒప్పదు. మోకరించు, ప్రార్థన చేస్తా.”

జీవమ్మ ముఖం తెల్లబోయింది. ఈ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే. ఆ మనిషి మూడడుగుల దూరంలో చాపలు చుడుతోంది. జీవమ్మ ఒకసారి అటు చూసింది. తరువాత కొంగు తలమీదికి లాక్కుని మోకరించింది. ప్రేమజ్యోతి చుట్టిన చాపనే విప్పి మళ్ళీ చుట్టింది.

ఆ సాయంత్రం గోడ అవతల గిన్నె చప్పుడు వినిపించింది. మాట వినిపించలేదు. మర్నాడూ అంతే.

ప్రేమజ్యోతి కర్నూలుకు పోయి, ఆ భాగం తీసేయమని వీరేష్‌ను బతిమాలింది. అతను నొచ్చుకున్నాడు.

“నా పేజీలో తీసేస్తా అక్కా. కానీ ఇంతలోపల ఎంతమంది ఎంతమందికి పంపినారో! ఎవురి ఫోన్లో ఉండాదో నాకు మాత్రం ఏం తెలుసు?”

తిరిగొచ్చేసరికి జీవమ్మ అరుగుమీద కొర్రలు చెరుగుతోంది. ప్రేమజ్యోతి ఎదురుగా నేలమీద కూర్చుంది.

“పెద్దత్తా, తప్పు చేసినా.”

“తెలుసులే.” చాట ఆగలేదు. “ఏదీ, చూపీ.”

“వద్దత్తా.”

“ఊరంతా చూసినారు. నేను చూడకూడదా?”

జీవమ్మ ఫోను చేతికి తీసుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. తిమ్మవ్వ మాట్లాడుతుంటే తల ఊపింది. చీపురు దగ్గర నవ్వు కూడా వచ్చినట్టుంది. దూలంమీది మనిషి తూలుతూ దిగి బూతులందుకోగానే, తెరమీద వేలు పెట్టింది.

“ఈయన ఎవురు?”

“మామ... లెక్క,” అంది ప్రేమజ్యోతి.

జీవమ్మ చివరిదాకా చూసి, ఫోను తిరిగిచ్చి, చాట అందుకుంది.

“మీ మామ తాగేటోడు కాదు పాపా. నన్నొక మాట గూడా తిట్టలే.”

కొట్టినా బాగుండేదని ప్రేమజ్యోతి తరువాత ఏసుబాబుతో చెప్పుకుని ఏడ్చింది.

ఆ వచ్చే ఆదివారం చర్చిలో, ఒక్కొక్కరు లేచి తమ సంగతి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ప్రేమజ్యోతి లేచింది. ఏ గొంతూ పెట్టుకోకుండా చెప్పింది. “జీవమ్మత్త దయ్యాలతో మాట్లాడలే. మొగుడు పోయిన మనిషి అన్నం ముందర కూర్చోని ఆయన్ని తలుచుకున్యాది. చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుని చెప్పింది. మీరంతా నవ్వాలని నేనే చెప్పినా. ఆయన్ని దయ్యం చేసింది నేను.”

రెజీనా పోయి జీవమ్మ పక్కన కూర్చుంది. టీ అంగడి దగ్గర మాత్రం ఇంకొన్నాళ్ళు ఆ పిలుపు నడిచింది. మరో కొత్త వీడియో రాగానే హనుమన్న అదీ మరిచిపోయాడు. వీరేష్ ఇంకో భాగానికి పిలిచాడు. ప్రేమజ్యోతి రానంది. సండే స్కూల్లో కథ చెప్పబోతే గాడిద గొంతు కూడా రాలేదు. పుస్తకం చూసి చదివింది.

జీవమ్మ ఆమెతో మాట్లాడటం మానలేదు. కూర చేస్తే గిన్నెలో పోసి పంపేది. ఆ మంచితనాన్ని ప్రేమజ్యోతి తలవంచుకుని తీసుకునేది.

ఈస్టరు ముందురోజు ఇద్దరూ సమాధుల తోటకు పోయారు. ఏటా పోయేదే. ప్రేమజ్యోతి సున్నం బకెట్ మోసింది. తోట వాకిట్లోకి రాగానే జీవమ్మ బకెట్ తన చేతికి తీసుకుంది.

“నువ్వు గేటు కాడే ఉండు పాపా. రొంతసేపు.”

ప్రేమజ్యోతి ఆగిపోయింది. జీవమ్మ ఒక్కతే ముళ్ళు తప్పించుకుంటూ ఏసేపు సమాధి దాకా నడిచి, చీర ఎగదోపుకుని, వంగి సున్నం కొట్టసాగింది. అంత దూరం నుంచి వీపు తప్ప ఏమీ కనబడటం లేదు. పెదవులు కదులుతున్నాయో లేదో చూడాలనిపించి, ప్రేమజ్యోతి గేటు కమ్మీ పట్టుకుంది. వెంటనే చెయ్యి వదిలేసి, రోడ్డు వైపు తిరిగి నిలబడింది.