కోటమ్మ గారి కారప్పొడి నమూనా

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక ఏప్రిల్‌లో, ఆహార భద్రతాధికారిగా గుంటూరుకు బదిలీ అయ్యాను. నా పరిధిలో పాత తిండి బజారు ఒకటి ఉంది. సున్నుండలు, బజ్జీలు, పచ్చళ్లు, కారప్పొడులు. ఆ చివరి నుంచి ఈ చివరికి నడిస్తే చాలు, కడుపు నిండినవాడికీ ఆకలేస్తుంది. నా జీపు మలుపు తిరిగేసరికి సగం కొట్లు మూతపడేవి. కోటమ్మ గారి ఇడ్లీ కొట్టు మాత్రం తెరిచే ఉండేది. మహాతల్లి, దేనికీ భయపడదనుకున్నాను. రోజూ ఆవిడ వాకిట్లో వేయించిన కుర్చీలో కూర్చుని నేతి ఇడ్లీ, కారప్పొడి లాగించేవాణ్ణి.

ఓ రోజు కారప్పొడి కొనడానికొచ్చిన ఒకావిడ, ఇందులో రంగు కలపలేదు కదా అని అడిగింది. కోటమ్మ గారు నావైపు చెయ్యి చూపించారు.

"ఇదుగో, కల్తీలు పట్టే ఆఫీసరు గారే తింటున్నారు. నన్నడుగుతారేంటండీ?"

నోట్లో ముద్ద ఉంది. తలూపాను. ఆవిడ రెండు పొట్లాలు తీసుకుంది. ముద్ద గొంతు దిగాక గానీ నాకు తట్టలేదు. ఆ పొడిలో నిజంగా రంగుంటే, అమ్మిపెట్టింది నేనే.

మర్నాడు నమూనా తీశాను. సరుకు కొని, నోటీసిచ్చి, నాలుగు భాగాలు చేసి, సాక్షి ఎదుట సీలు వెయ్యాలి. ఒక భాగం ప్రయోగశాలకు వెళుతుంది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనండి," అన్నారు కోటమ్మ గారు.

సాక్షి సంతకమంటే ఆ వీధిలో ఎవరూ దొరకరు. ఆ రోజు మాత్రం ఎదురు హోటలు వెంకట్రావు చెయ్యి తుడుచుకుని మరీ వచ్చాడు.

రిపోర్టుకు పద్నాలుగు రోజులు. ఈలోగా రంగు దొరికిందట, కొట్టు మూయిస్తారట అని వెంకట్రావు చట్నీతో పాటు వడ్డించాడు. కోటమ్మ గారు ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. ఆవిడ కొట్టు నావల్లే మూతపడుతుందేమోనని నాకు నిజంగా భయమేసింది.

చివరికి రిపోర్టు వచ్చింది. కల్తీ లేదు. పై అధికారి అనుమతితో నకలు నేనే పట్టుకెళ్లాను. కోటమ్మ గారు దాన్ని చదవడానికి వెంకట్రావునే పిలిచారు. సాక్షి కదా మరి. అతను నీళ్లు నములుతూ చదివాడు. వినపళ్లేదంటూ ఆవిడ రెండోసారి చదివించారు.

వారం తిరక్కుండా ఆ కాగితం ఫ్రేములో, వాకిట్లో వేలాడింది. నేను బెరుగ్గానే ఇడ్లీకి వెళ్లాను.

"మీరింక లోపల కూర్చోండి బాబూ," అన్నారు కోటమ్మ గారు. "ఇన్నాళ్లూ మిమ్మల్ని వాకిట్లో ఎందుకు కూర్చోబెట్టాననుకున్నారు?"

తనిఖీ అధికారి బజార్లో తిన్న ప్రతి ముద్దా ఒక సంతకమే. ఆ సంగతి మా శిక్షణలో ఎవరూ చెప్పలేదు.